వాన రాదనే ముత్యాలు

ముత్యాలుకు తెలిసిన వాతావరణ సూచన ఒక్కటే: వాన రాదు. ఉగాది నాడు అడిగినా రాదు, ఆరుద్ర కార్తెలో అడిగినా రాదు. నెత్తిమీద మబ్బు నల్లగా కమ్ముకొని, గాలి చల్లబడి, కోళ్ళు గంప కిందికి పరుగెత్తుతున్నా సరే, ఆయన అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని ఆకాశమంతా ఒకసారి కలియజూసి, దగ్గరి చుట్టం పోయిన కబురు మోసుకొచ్చినవాడి మొహంతో "రాదు బిడ్డా" అంటాడు. అడిగినవాళ్ళకు సగం ప్రాణం అక్కడే పోతుంది.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఈ మాట అనడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అక్కడ ఉన్నవి మూడు కాలాలు: ఎండాకాలం, మబ్బు పట్టిన ఎండాకాలం, దుప్పటి కప్పుకోవాల్సిన ఎండాకాలం. నేలేమో ఎర్ర గరుసు. గుట్టల మీది బండలు పొద్దంతా కాగి, పొద్దుగూకాక ఆ వేడినంతా తెచ్చి ఊళ్ళో వదులుతాయి. బోరు వేయిస్తే ఎనిమిది వందల అడుగుల దాకా దుమ్ము వస్తుంది, ఆ తర్వాత బోరుబండివాడు బండి సర్దుకొని వెళ్ళిపోతాడు. మబ్బులు రావని కాదు, వస్తాయి. వచ్చి, ఊరిని ఒకసారి ఎగాదిగా చూసి, సంబంధం నచ్చని పెళ్ళివారిలా ముందుకు సాగిపోతాయి. ఇలాంటి చోట వాన రాదన్నవాడు పదిసార్లలో ఏడుసార్లు గెలుస్తాడు. గెలిచినందుకు ముత్యాలు ఏనాడూ సంతోషించలేదు. మిగతా మూడుసార్లు ఓడిపోయానని ఒప్పుకోనూ లేదు.

ఒకసారి బస్టాండు దగ్గర రత్నాకర్ విత్తనాల దుకాణం ముందు నిలబడి, వాన ఎందుకు రాదో నలుగురికి వివరిస్తుండగానే దబదబా వాన కొట్టింది. నలుగురూ దుకాణంలోకి ఉరికారు. ముత్యాలు మాత్రం కదల్లేదు. పంచె కాళ్ళకు అతుక్కుపోయింది, మీసాల నుంచి నీళ్ళు ధార కడుతున్నాయి.

"ముత్యాలన్నా, మరి గిదేంది?" అని లోపలి నుంచి అరిచాడు రత్నాకర్.

"గిది మనది గాదు," అన్నాడు ముత్యాలు తడుస్తూనే. "హయత్‌నగర్ వాన. తొవ్వ తప్పింది. జర సేపైతే దానికే ఎర్కయి ఎల్లిపోతది."

పావుగంటలో వాన వెలిసి ఎండ కాసింది. ముత్యాలు తువ్వాల పిండుకొని, "చెప్పలే?" అన్నాడు. రత్నాకర్ ఆ రోజు అమ్ముకోవాల్సిన విత్తనాల సంచులకు మళ్ళీ మూతులు కట్టుకున్నాడు. ఈ మనిషి తన దుకాణం మెట్లమీద కూర్చోకుండా ఉంటే ఏ దేవుడికైనా కొబ్బరికాయ కొడతానని రత్నాకర్ చాలామంది దగ్గర అన్నాడు.

టీవీలో వార్తలు చదివే అమ్మాయికీ ముత్యాలుకూ పాత తగాదా. ఆమె, "రంగారెడ్డి జిల్లాలో అక్కడక్కడా ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది" అనగానే ఈయన మంచంమీద లేచి కూర్చుంటాడు.

"ఏ అక్కడ? ఒక అక్కడ హయత్‌నగర్, ఇంకో అక్కడ బాలాపూర్. మన ఊరు ఏ అక్కడలో లేదు. మబ్బులు మన మీదికెళ్ళి పోయేదెందుకో ఎర్కనా? బాలాపూర్‌ల గణేశుని లడ్డు వేలం చూడనీకె."

పక్కింటి కోడలు భవాని ఒకసారి ఫోను తెచ్చి చూపించింది. "గిండ్ల చూడు మామా, రేపు నలభై శాతం వాన అని రాసిండ్రు."

"నలభై శాతం అంటే?"

"అంటే... పడొచ్చు, పడకపోవచ్చు."

"ఈ మాట చెప్పనీకె గంత ఫోను కావాల్నా? మీ అత్త ఫోను లేకుండనే చెప్తది."

అత్త అంటే ఆయన భార్య సుక్కమ్మ. ఆమె గోడకు ఆనుకొని చింతపండు గింజలు తీస్తూ, "నన్నెందుకు నడుమ గుంజుతవ్?" అంది.

మృగశిర మొదలైన నాడు అందరూ చేపలు తినాలని ఆనవాయితీ. ముత్యాలూ తింటాడు, ముల్లు ఒక్కటి వదలకుండా తింటాడు. తింటూ తింటూ, "ఈ చాపలు ఏడికెళ్ళి వచ్చినయే? లారీల ఐసుగడ్డల మీద పండుకొని వచ్చినయ్. మన దగ్గర నీళ్ళుంటే మన దగ్గర్నే పుట్టకపోవునా?" అని అడుగుతాడు. తినేవాళ్ళ గొంతులో ముద్ద అడ్డం పడుతుంది.

ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పెళ్ళిళ్ళకు షామియానాలు వేయించే ఆసాములు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు ముందు పంతులు దగ్గరికి, తర్వాత ముత్యాలు దగ్గరికి పోతారు. ఆయన రాదన్నాడంటే ఇక ధైర్యంగా బయట వంటలు పెట్టుకుంటారు. అలాంటి పెళ్ళిళ్ళలో ఆయనకు మొదటి బంతిలోనే విస్తరి.

అంతా బాగానే ఉంది కాని, సేద్యం చేసేవాడికి ఈ అలవాటు మంచిదా? ముత్యాలుకు గుట్టకింద నాలుగెకరాల మెట్ట చెలక ఉంది. మృగశిరలో తొలి జల్లు పడగానే ఊరంతా పత్తి గింజలు పెట్టడానికి పరుగెత్తుతుంది. ఈయన కాళ్ళు చాపుకొని అరుగుమీద కూర్చుంటాడు. ఊరి పత్తి మోకాలు దాటాక ఎప్పుడో తీరిగ్గా విత్తుతాడు. దసరాకు అందరి చెలకల్లో కాయలు పగులుతుంటే ఈయన చెలకలో మొక్కలు అప్పుడే నడక నేర్చిన పిల్లల్లా నిలబడి ఉంటాయి. కొన్నేళ్ళయితే అసలు విత్తడమే ఉండదు. నాలుగెకరాలూ బోడిగుండులా ఎండలో మెరుస్తుంటాయి. "వాన రానిదానికి విత్తుడెందుకు?" అంటాడు. ఊరు ఆయన్ని చూసి నవ్వుకుంటుంది, సుక్కమ్మ తల కొట్టుకుంటుంది.

భవానికి మాత్రం ఈసారి నవ్వే ఓపిక లేదు.

ముత్యాలు చెలకను ఆనుకొని పైవైపున ఉన్న మూడెకరాలు ఆమెవి. అంటే ఆమె భర్త ధర్మేందర్‌వి. ధర్మేందర్ శేరిగూడలో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున ఆరింటికి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరతాడు. మామగారు పోయిన మూడేళ్ళుగా సేద్యమంతా భవానిదే. మూడేళ్ళలో రెండేళ్ళు వాన లేదు, ఒక ఏడు ఉన్న వానంతా పత్తి తీసేవేళ వచ్చి దూదిని నల్లగా చేసి పోయింది. చుట్టుపక్కల చెలకలు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారిపోతున్నాయి. తెల్లసున్నం, ఎర్రరంగు పూసిన హద్దురాళ్ళు గుట్ట దాకా వచ్చేశాయి. ఎండాకాలంలో ఒక దళారి వచ్చి చల్లని మజ్జిగ తాగి, ఆ మూడెకరాలు కూడా వెంచర్‌లో కలిపేద్దామన్నాడు. ధర్మేందర్ తల ఊపాడు.

"ఒక్క పంట చూద్దాం," అని బతిమాలింది భవాని. "గీ ఒక్కటే. పోతే నేను ఏమనను. నువ్వు ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త."

"ఒక్కటే మల్ల," అన్నాడు ధర్మేందర్. "దసరాకు పంట లేకుంటే ఇగ మాట్లాడొద్దు."

అలా ఆ మూడెకరాలు ఒక్క పంటమీద నిలబడ్డాయి.

ఆ ఏడు మృగశిర మంచి జల్లుతో మొదలైంది. మట్టివాసన లేచింది. తెల్లారేసరికి ఊళ్ళో మనిషన్నవాడు లేడు, అందరూ చెలకల్లో ఉన్నారు. భవాని ఆరు ప్యాకెట్ల పత్తి గింజలూ, ముగ్గురు కూలీలనూ వెంటబెట్టుకొని పోయేసరికి గట్టుమీద ముత్యాలు కూర్చొని ఉన్నాడు.

"రాదు బిడ్డా," అన్నాడు పలకరింపుగా.

"వచ్చింది గదా మామా! కింద చూడు, బురద."

ముత్యాలు గట్టు దిగి, చూపుడువేలు నేలలో గుచ్చాడు. రెండు కణుపుల దాకా మెత్తగా దిగింది, ఆపైన ఆగిపోయింది. "పైన తడిసింది, కింద పెనం లెక్కున్నది. గింజ మొలుస్తది, మొలిచి దూప అంటది. అప్పుడేం పోస్తవ్? జర ఆగు."

"ఎన్ని రోజులు?"

"రాదంటున్న గదా."

ఇలాంటి మనిషి సలహా విని ఎవరైనా పంట పండించగలరా? చుట్టూ అందరూ వంగి గింజలు పెడుతున్నారు. తను ఒక్కతే ఆగి, ఆ తర్వాత వాన రాకపోతే ధర్మేందర్‌కు ఏం చెప్పాలి? వాన రాదనే మనిషి మాట విని విత్తలేదని చెప్పాలా? భవాని కొంగు నడుముకు దోపుకొని సాల్లోకి దిగింది. ముత్యాలు గట్టుమీదే కూర్చొని, ఆమె పెట్టే ప్రతి గింజనూ ఊరేగింపుగా సాగనంపుతున్నట్టు చూశాడు. మధ్యాహ్నానికి ఆరు ప్యాకెట్లూ అయిపోయాయి.

వారంలో మొలకలు వచ్చాయి. రెండేసి ఆకులు విప్పుకొని, సాళ్ళకు సాళ్ళు పచ్చగా లేచాయి. భవాని ఫోటో తీసి ధర్మేందర్‌కు పంపింది. అదే ఆ పంటకు తీసిన ఆఖరి ఫోటో.

తర్వాత పడమటి గాలి మొదలైంది. పొద్దంతా హోరుమని వీస్తూ, మబ్బులను మందను తోలినట్టు తోలుకుపోయేది. ఆరుద్ర కార్తె ఆకాశాన్ని చూస్తూనే గడిచిపోయింది. భవాని పొద్దున్నే లేచి ఇంటి నల్లా నీళ్ళు రెండు బిందెలు పట్టుకొని పోయి, చెంబుతో ఒక్కొక్క మొక్క మొదట్లో పోసేది. మూడెకరాలకు రెండు బిందెలు! పోస్తుండగానే నేల చుయ్‌మని తాగేసేది. వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ పోసిందో ఆమెకే తెలిసేది కాదు. దిగువన బోరు ఉన్నవాళ్ళవి బతికాయి, ఒర్రె వాగు పక్క చెలకలు సగం సగం నిలిచాయి. గుట్టవారన ఉన్న ఆమె గరుసు నేలలో మాత్రం ఆకులు వాడి, ముడుచుకొని, చివరికి వేళ్ళతో నలిపితే పొడి అయ్యాయి. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఒంట్లో అంత తడి ఎక్కడుంది?

"నేను చెప్పలే అని అనవా మామా?" అని ఒకనాడు గట్టుమీద ముత్యాలును అడిగింది.

ఆయన ఒక బిందె తన భుజానికి ఎత్తుకొని, ఆమె చూడని సాల్లో పోసి వచ్చాడు. వచ్చి, "రాదు" అన్నాడు, అలవాటు తప్పకుండా.

వాన మరీ మొహం చాటేస్తే అక్కడి పల్లెల్లో వరద పాశం పోస్తారు. ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం ఎత్తి, గుట్టమీద దేవుడి దగ్గర పాయసం వండి, కడిగిన బండమీద పోస్తారు. చేతులు వాడకుండా, మోకాళ్ళమీద వంగి, నాలుకతో నాకాలి. పెద్ద పెద్ద మనుషులు అలా పశువుల్లా వంగితే పైవాడికి జాలి కలగకపోతుందా అని ఆశ. ఆ ఏడు డప్పుతో పాశం పోస్తే అందరికంటే ముందు వంగినవాడు ముత్యాలు. భవాని ఆయన పక్కనే వంగింది.

"రాదంటివి గదా మామా, మరి నాకుడెందుకు?"

"వానకు గాదు బిడ్డా. బెల్లం మంచిది పడ్డది."

మీసాలకు పాయసం అంటుకొని, ముక్కుకు మెతుకు అంటుకొని, చూసినవాళ్ళకు కడుపుబ్బ నవ్వొచ్చే అవతారం. కాని ఆయన కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాయి. పెదాలు ఏవో గొణుగుతున్నాయి. బెల్లం రుచి చూసేవాడు అంత గట్టిగా కళ్ళు మూసుకోడని భవానికి అప్పుడు తోచలేదు.

పాశం పోసిన మూడోనాడు, నాలుగోనాడు కూడా ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ధర్మేందర్ ఒక ఆదివారం చెలక దాకా వచ్చి, చుట్టూ చూసి, భార్య భుజంమీద చెయ్యి వేశాడు. "పోనీయ్ భవాని. నీ తప్పేమున్నది? నేను దళారికి ఫోను చేస్త." తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

అప్పుడు వచ్చింది వాన. పునర్వసు పోతూ పోతూ ఉండగా, ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ జోరుగా, మరునాడు సన్నగా, నేల కడుపు నిండేలా కురిసింది. పిల్లలు వీధుల్లో ఎగిరారు. రైతులు ముత్యాలు ఇంటిముందు ఆగి, "ఏమాయె ముత్యాలన్నా?" అని ఆటపట్టించారు. "ఇంక రెండొద్దులు చూడుండ్రి, మల్ల రాదు," అని ఆయన గడప లోపలినుంచి అరిచాడు.

ఊరంతా సంబరంలో ఉంటే భవాని తన చెలకలో ఒంటరిగా నిలబడింది. జానెడు లోతు తవ్వినా తడి. ఏడాదంతా మొక్కిన తడి, కాళ్ళకింద మెత్తగా. చేతిలో మాత్రం గింజ లేదు. జూలై సగం అయింది. నాలుగైదు రోజుల్లో పత్తి పెట్టకపోతే ఇక ఈ ఏటికి పెట్టనక్కర్లేదు. వాన లేక చచ్చిన పంట ఒక దుఃఖం. వానొచ్చి కూడా విత్తలేకపోవడాన్ని ఏమనాలో ఆమెకు తెలియలేదు.

రత్నాకర్ దుకాణానికి పరుగెత్తింది. "నువ్వు మొన్న పెట్టిన రకం అయిపోయింది చెల్లే. తొలి జల్లు నాడే అయిపోయింది. ఏదో ఒకటి ఇయ్యమంటే ఇస్త గని, మొలవకుంటే నా మొకంల ఉమ్మేస్తవ్." బస్సెక్కి హయత్‌నగర్ దాకా పోయి నాలుగు దుకాణాలు తిరిగింది. ఎక్కడా లేదు. తిరిగొచ్చి, అలిసిపోయి రత్నాకర్ దుకాణం మెట్లమీదే కూలబడింది.

"ఒక్క ముచ్చట అడుగుత," అన్నాడు రత్నాకర్ తల గోక్కుంటూ. "మీ మామ దగ్గర లేవా?"

"ఏ మామ?"

"ముత్యాలన్న. ఎనిమిది ప్యాకెట్లు తీస్కపోయిండు గదా మే నెలల. ప్రతి ఏడు గంతే. సంచులు ఇప్పకముందే వస్తడు, అందరికన్న ముందు కొనేది ఆయనే."

భవానికి ఒళ్ళు మండింది. వాన రాదు, రాదు అని ఊరందరి గుండెలూ జారగొట్టి, తను మాత్రం మే నెలలోనే విత్తనాలు కొని దాచుకున్నాడా! ఆటో దిగి తిన్నగా ముత్యాలు ఇంట్లోకి పోయింది. ఆయన వాకిట్లో కూర్చొని తాడు పేనుతున్నాడు.

"మామా! వాన రానిదానికి నీకు ఎనిమిది ప్యాకెట్ల గింజలెందుకు?"

ముత్యాలు చేతిలో తాడు జారిపోయింది. దొంగతనం బయటపడ్డవాడిలా మొహం పాలిపోయింది. "ఎవడు చెప్పిండు?"

"రత్నాకరన్న."

"గానికి నోరాగదు," అన్నాడు నీరసంగా.

లోపలి నుంచి సుక్కమ్మ వచ్చింది. "దొరికినవా? మంచిగైంది!" అంటూ అటకమీది రేకు డబ్బా దించి, భవాని ముందు ధన్‌మని పెట్టింది. మూత తీస్తే వేపాకుల మధ్య ఎనిమిది ప్యాకెట్లు పొందికగా పడుకొని ఉన్నాయి. "తొమ్మిదేండ్ల సంది గిదే లొల్లి బిడ్డా. కొంటడు, దాస్తడు, ఎవరి చెలక ఎండిందో పొద్దుగాల్నే లేచి ఊరంత తిరిగి చూసొస్తడు. ఎండినోళ్ళకు ఇచ్చేస్తడు. మిగిల్తే మాకు, లేకుంటే లేదు. నేనడిగితే వాన రాదంటడు. నాతోనన్న నిజం చెప్పొద్దా?"

ముత్యాలు పక్కకు చూస్తూ, కోపంగా ఉన్నట్టు నటిస్తూ, ఆరు ప్యాకెట్లు ఎంచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నీ చెలకల పదును చూసొచ్చిన. జానెడు దిగింది. రేపు పొద్దుగాల్నే పెట్టు. గీ ఆరు నీకే పక్కన పెట్టిన."

"ఎప్పుడు పెట్టినవ్ మామా?"

"నువ్వు మిర్గంల, తొలి జల్లుకు విత్తిన నాడే."

ఆమె ఏడ్చేసింది. నెలన్నర నుంచి రాని ఏడుపు, ఆరు ప్యాకెట్ల మీద పడింది. "తడపకు, తడపకు, గింజలు పాడైతయ్!" అని ముత్యాలు కంగారుపడ్డాడు.

"అందరు ఒక్కనాడే విత్తితిరి," అన్నాడు ఈసారి మామూలు గొంతుతో. "ఒక్కనాడే ఎండితే ఎట్ల? అడుగుదామన్న ఎవరింట్ల గింజ ఉంటది? నేను ఒక ఏడు నాలుగూర్లు తిరిగిన, దొరకలే. ఎవడో ఒకడు ఆగాలె గదా."

"గా ముచ్చట ఊరికి చెప్పొచ్చు గదా."

"చెప్తే అయిపాయె! ముత్యాలింట్ల ఉన్నయిలే అని రోహిణిలనే చల్లుకుంటరు. భయముంటెనే జర ఆలోచిస్తరు. నువ్వు గూడ ఎవరికీ చెప్పకు. అడిగితే తల్లిగారింటికెళ్ళి తెచ్చిన్నని చెప్పు."

"మరి నీ చెలక మామా?"

"నాకేం తొందర? వాన రాదు గదా," అని ముత్యాలు మళ్ళీ తాడు అందుకున్నాడు.

మిగిలిన రెండు ప్యాకెట్లు కూడా సాయంత్రానికి ఎవరి ఇంటికో చేరాయి. భవాని మరునాడే విత్తింది. ఈసారి వేరుకు నీళ్ళు అందాయి. పుష్యమిలో ఒక వాన, ఆశ్లేషలో ఇంకొకటి పడ్డాయి. మొక్కలు మోకాళ్ళ దాకా వచ్చాయి. దిగువ చెలక ఇంద్రమ్మ కలుపు తీయడానికి వచ్చి, ఆ సాళ్ళను చూసి ముక్కుమీద వేలేసుకుంది.

"గింజలు ఏడ దొరికినయే?"

"తల్లిగారింటికెళ్ళి తెచ్చిన," అంది భవాని, నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు.

ఇంద్రమ్మ కొడవలి కింద పెట్టి ఆమెను తేరిపార చూసింది. తర్వాత పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. "నాకు గూడ మూడేండ్ల కింద తల్లిగారింటికెళ్ళే వచ్చినయ్. మా తల్లిగారోళ్ళు మేకలు కాస్తరే! పత్తి మొకం చూసింది లేదు!"

అక్కడితో గుట్టు విడిపోయింది. చెరువు గట్టు తెగినట్టు ఊరంతా ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఒకరికి అత్తగారింటి నుంచి, ఒకరికి మేనమామ దగ్గరి నుంచి, ఒకరికి నల్లగొండలో ఉన్న షడ్డకుడి దగ్గరి నుంచి వచ్చిన గింజలన్నీ ఆ ఒక్క రేకు డబ్బావే. తొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళో చుట్టాలకు వచ్చిన మంచి పేరంతా ముత్యాలుది. ఎవరికివాళ్ళు తమకొక్కరికే ఇచ్చాడనుకొని, మాట ఇచ్చినందుకు నోరు కుట్టుకొని, పొద్దున్నే ఆయన్ని చూసి నవ్వుకున్నవాళ్ళే. లెక్క తీస్తే పదకొండు ఇళ్ళు తేలాయి.

ముత్యాలు చెలక మాత్రం ఆ ఏడు కూడా బోడిగానే ఉంది. పత్తికి కాలం దాటిపోయింది. మఖ కార్తెలో ఒక జల్లు పడింది. ఆ నేలలో అప్పుడు పండేది ఉలవలే.

ఒక ఆదివారం పొద్దున ముత్యాలు చెలకకు పోయేసరికి అక్కడ జాతరలా ఉంది. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. రత్నాకర్ బండిమీద ఉలవల సంచులు తెచ్చాడు. ఎవరిదో ట్రాక్టరు తీసుకొని ధర్మేందర్ దున్నుతున్నాడు. భవాని ఆడవాళ్ళతో కలిసి వెనకాలే గింజలు చల్లుతోంది.

"ఎవడు రమ్మన్నడు మిమ్మల్ని?" అని గట్టుమీది నుంచి కేకేశాడు ముత్యాలు. "ఉలవలెందుకు? వాన రాదు!"

"రాకుంటే రాకపాయె," అంది ఇంద్రమ్మ. "ఉలవలకు మంచు చాలు."

ఆయన కోపం ఎవరిమీద చూపాలో తెలియక ధర్మేందర్ మీద పడ్డాడు. "అరేయ్! అది కాలేజీ బస్సు గాదురా, స్టాపు స్టాపుకు ఆపుతున్నవ్! సక్కగ తోలు!"

ధర్మేందర్ ట్రాక్టరు ఆపి చెమట తుడుచుకున్నాడు. జేబులో ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాక భవాని దగ్గరికి వచ్చి అడిగింది, "దళారేనా? ఏమన్నవ్?"

"పనిల ఉన్న అన్న."

"ఎప్పుడు రమ్మన్నవ్ మరి?"

"వచ్చే ఏడు గూడ పనిలనే ఉంట అని చెప్పిన," అని ధర్మేందర్ మళ్ళీ ట్రాక్టరు ఎక్కాడు. ఈసారి గేరు గట్టిగా పడి బండి ఎగిరింది. ముత్యాలు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

భవాని కొంగుతో కళ్ళు ఒత్తుకొని, సంచి దగ్గర కూర్చున్న రత్నాకర్ చెవిలో మెల్లగా చెప్పింది. "అన్నా, వచ్చే మే నెలల నాకు రెండు ప్యాకెట్లు ఎక్కువ పెట్టు. ఎవరికీ చెప్పకు."

రత్నాకర్ ఆమెను విచిత్రంగా చూసి, అక్కడున్న అందరికీ వినపడేలా నవ్వాడు. "నీకు గూడనా? పొద్దుగాల్సంది గిదే ముచ్చట చెప్పినోళ్ళల్ల నువ్వు పదకొండోదానివి చెల్లే! ఒక్కొక్కరు వచ్చుడు, చెవుల చెప్పుడు, ఎవరికీ చెప్పకు అనుడు."

చెలకలో పని చేస్తున్న చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదట పాలిపోయినవాడు ముత్యాలు. గట్టు దిగి, పంచె ఎగ్గట్టి, దున్నిన మట్టిలో పడుతూ లేస్తూ వాళ్ళ మధ్యకు పరుగెత్తుకొచ్చాడు.

"పాగల్‌గాళ్ళు అయిండ్రా అందరు? అందరు దాసుకొని కూసుంటే ఇగ విత్తేటోడెవడురా?"

ఆయన నిజంగానే హడలిపోయాడు. ఒక్కొక్కరి ముందూ ఆగి, నువ్వు దాచొద్దు, నువ్వు మాత్రం మృగశిర దాటనియ్యకు, అని వేలు చూపించి బతిమాలడం మొదలుపెట్టాడు. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ కాదనలేదు. అందరూ నోళ్ళు మూసుకొని నవ్వు ఆపుకుంటున్నారు. సుక్కమ్మ వచ్చి ఆయన చేతిలో ఒక ఉలవల గంప పెట్టి, ముందు ఇది చల్లమంది. ఎండ ఎక్కకముందే అవ్వాలి, ఇంకా రెండెకరాలు మిగిలి ఉన్నాయి.